గడ్డి మందుపై నిషేధం ఎవరి చేతుల్లో ఉంది? రాష్ట్రానికి 90 రోజులే.. పక్కనే ఉన్న 26వ సెక్షన్ ఏం చెబుతోంది?

"పురుగుల మందు తాగి రైతు మృతి". జిల్లాల నుంచి మా డెస్క్‌కు వచ్చే వార్తల్లో ఈ లైన్ తరచూ కనిపిస్తుంది. ఊరు రాస్తాం, వయసు రాస్తాం, ఎన్ని ఎకరాలు కౌలుకు తీసుకున్నాడు, అప్పు ఎంత అయింది.. అన్నీ రాస్తాం. ఒక్కటి మాత్రం చాలాసార్లు వదిలేస్తాం. ఆ మందు పేరేంటి?

చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, దేశంలో ఏ పురుగుమందు ఉండాలి, ఏది పోవాలి అన్న నిర్ణయం చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. ఎంతమంది చనిపోయారని ప్రభుత్వాన్ని అడిగితే ఏదో ఒక లెక్క దొరుకుతుంది. ఏ మందు వల్ల ఎంతమంది అంటే మాత్రం తడుముకోవాల్సిందే.

పారాక్వాట్ అనే గడ్డి మందును నిషేధించాలని తెలంగాణలో కొంతమంది డాక్టర్లు గట్టిగా అడుగుతున్నారు. వినగానే ఎవరికైనా వచ్చే డౌట్ ఒకటే. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఒక్క జీవోతో అయిపోదా? అవ్వదు. ఎందుకు అవ్వదో, రాష్ట్రం చేయగలిగింది ఏముందో చూద్దాం.

అసలు ఏంటీ పారాక్వాట్?

కలుపును మాడ్చేసే మందు. ఆకు మీద పడితే కొన్ని గంటల్లోనే వాడిపోవడం మొదలవుతుంది. 1960ల నుంచి ప్రపంచ మార్కెట్లో ఉంది. మన దేశంలో తేయాకు, పత్తి, బంగాళాదుంప లాంటి పంటల్లో వాడకానికి అనుమతి ఉంది. మన ఊళ్లలో ఎక్కువమంది దీన్ని పేరుతో అడగరు. షాపుకెళ్లి "గడ్డి మందు ఇవ్వు" అంటారు, అంతే.

డాక్టర్ల భయం ఎక్కడంటే, దీనికి విరుగుడు లేదు. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందు ఒంట్లోకి పోతే అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంది, కాపాడిన కేసులు ఎన్నో ఉన్నాయి. పారాక్వాట్‌కు అలాంటిది లేదు. మొదట్లో మనిషి స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు, బతకాలని ఉందని చెబుతాడు. తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటూ పోతాయి. ఊపిరి అందడం లేదని ఆక్సిజన్ పెట్టాలన్నా డాక్టర్లు ఆచితూచి పెట్టాలి, ఎందుకంటే ఆక్సిజన్‌తో ఊపిరితిత్తుల నష్టం ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. ఐసీయూలో ఉన్న డాక్టర్‌కు ఇంతకంటే నిస్సహాయ పరిస్థితి ఉండదు.

స్విట్జర్లాండ్ 1989లోనే దీన్ని ఆపేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి అనుమతి లేదు. దక్షిణ కొరియా, థాయ్‌లాండ్, మలేషియా, బ్రెజిల్ కూడా నిషేధించాయి. అమెరికాలో నిషేధం లేదు కానీ, శిక్షణ పొంది సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లే వాడాలి. మన దగ్గర? షాపులో డబ్బులిస్తే చాలు.

డబ్బా మీద పసుపు రంగు.. దాని అర్థం ఏంటి?

ఏ పురుగుమందు డబ్బా తీసుకున్నా దాని మీద డైమండ్ ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. లేబుల్‌లో కనీసం 16వ వంతు ఆ గుర్తే ఉండాలన్నది రూల్. ఎరుపు అంటే అత్యంత విషపూరితం. ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే ప్రమాదం అన్నిటికంటే తక్కువని అర్థం.

పారాక్వాట్‌ది పసుపు. అంటే రెండో తరగతి.

విరుగుడే లేని మందు రెండో తరగతిలో ఎందుకుంది? ఎందుకంటే ఈ రంగుల లెక్క ప్రధానంగా ప్రయోగశాలలో ఎలుకల మీద చేసే పరీక్షల నుంచి వచ్చింది. సగం ఎలుకలు చనిపోవడానికి ఎంత మోతాదు కావాలి అన్నదే కొలత. మనిషి ఆస్పత్రికి వస్తే బతికించే అవకాశం ఎంత అన్నది ఈ కొలతలో లేదు. శ్రీలంక ఆస్పత్రుల్లో వేల మంది పేషెంట్లను గమనించిన పరిశోధకులు ఇదే తేల్చారు. ఒకే తరగతిలో ఉన్న మందుల మధ్య కూడా మరణాల శాతంలో చాలా పెద్ద తేడా ఉంది. కాబట్టి డబ్బా మీద రంగు చూసి "ఇది పర్లేదులే" అనుకోవడానికి లేదు. రైతుకైనా, పిల్లలున్న ఇంట్లో డబ్బా దాచే వాళ్లకైనా ఇది తెలియాలి.

చట్టం ఎప్పటిది?

1958లో కేరళలో వందమందికి పైగా చనిపోయారు. ఓడలో ఆహార ధాన్యాల పక్కనే పారథియాన్ అనే పురుగుమందు తీసుకురావడం, అది కారి పిండిలో కలవడం, ఆ పిండితో చేసింది జనం తినడం.. అలా జరిగిన ఘోరం అది. దాని మీద విచారణ జరిగింది. పదేళ్లకు 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. 1971లో రూల్స్ వచ్చాయి. ఇప్పటికీ మనం నడుస్తున్నది ఆ చట్టంతోనే.

ఈ చట్టంలో పని పంపకం ఇలా ఉంటుంది. ఏ మందు దేశంలోకి రావాలి, ఏ పంటకు వాడాలి అన్నది కేంద్రం చేతిలో ఉంటుంది. ఫరీదాబాద్‌లో ఉన్న రిజిస్ట్రేషన్ కమిటీ అనుమతి ఇస్తుంది. షాపులకు లైసెన్సులు ఇవ్వడం, శాంపిళ్లు తీయడం, నకిలీ మందులు పట్టుకోవడం రాష్ట్రం పని. మన మండల వ్యవసాయ అధికారి ఈ చట్టం కింద పురుగుమందుల ఇన్‌స్పెక్టర్ కూడా.

అంటే మందుకు అనుమతి ఢిల్లీ వైపు నుంచి వస్తుంది. దాన్ని తాగినవాళ్లు, కొట్టేటప్పుడు పడిపోయినవాళ్లు మాత్రం వరంగల్, గుంటూరు, ఆదిలాబాద్ ఆస్పత్రులకు వస్తారు.

రాష్ట్రానికి 90 రోజులే ఎందుకు?

చట్టంలో 27వ సెక్షన్ ఉంది. ఒక మందు వల్ల మనుషులకో పశువులకో వెంటనే ఆపాల్సినంత ప్రమాదం ఉందని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే, కారణాలు రాసి, దాని అమ్మకం, పంపిణీ, వాడకం ఆపేయొచ్చు. కానీ 60 రోజులకు మించకూడదు. ఈలోపు విచారణ పూర్తి కాకపోతే ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. మొత్తం 90. ఆ తర్వాత పూర్తిగా రద్దు చేయాలంటే కేంద్రమే చేయాలి.

ఇప్పుడు పత్తి రైతు క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. జూన్‌లో విత్తనం పడితే పత్తి తీసేది చలికాలం దాకా సాగుతుంది. వానాకాలం అయ్యాక యాసంగి. కలుపు ఏడాది పొడవునా ఉంటుంది, నిషేధం మూడు నెలలు ఉంటుంది. స్టాకు ఉన్న షాపువాళ్లు వెనక గదిలో పెట్టుకుని మూడు నెలలు ఆగితే సరిపోతుంది.

అయితే రాష్ట్రాలు ఈ సెక్షన్‌ను అసలు వాడుకోలేదని కాదు. పంజాబ్ ఉదాహరణ చూడండి. బాస్మతి బియ్యంలో మందుల అవశేషాలు ఎక్కువగా ఉంటే విదేశాలు తిప్పి పంపుతున్నాయని, 2022లో 10 రకాల మందులను బాస్మతి సీజన్‌లో 60 రోజులు ఆపేసింది. మరుసటి ఏడాది కూడా అదే చేసింది. బియ్యం ఎగుమతి కోసం ఈ అధికారాన్ని ఏటా వాడగలిగినప్పుడు, మనుషుల ప్రాణాల కోసం ఎందుకు వాడలేం అన్నది న్యాయమైన ప్రశ్నే.

మన దగ్గర కూడా అనుభవం ఉంది. 2018లో రెండు తెలుగు రాష్ట్రాలు గ్లైఫోసేట్ అనే ఇంకో గడ్డి మందు అమ్మకాలపై ఆంక్షలు పెట్టాయి. అప్పట్లో అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనం గుట్టుగా పొలాల్లోకి వచ్చింది. ఆ పత్తి మీద కొట్టేది గ్లైఫోసేటే. ఆ తర్వాత 2022 అక్టోబరులో కేంద్రం దేశమంతటికీ ఉత్తర్వు ఇచ్చింది. గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని చెప్పింది. కాగితం మీద చాలా గట్టి షరతు. కానీ పల్లెటూళ్లో రైతు పొలానికి పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ ఎక్కడి నుంచి వస్తాడు? షాపు కౌంటర్ దగ్గర ఆపేవాళ్లు లేకపోతే ఈ ఉత్తర్వుకు విలువ లేదు.

ఢిల్లీలో ఒక మందు పోవడానికి ఎన్నేళ్లు పడుతుంది?

ఇతర దేశాల్లో నిషేధించినా మన దగ్గర వాడుతున్న 66 పురుగుమందులను పరిశీలించడానికి 2013లో అనుపమ్ వర్మ కమిటీ వేశారు. 2015లో రిపోర్టు వచ్చింది. 2018లో 18 మందులపై నిషేధం ఉత్తర్వు వచ్చింది. వాటిలో ఆరింటికి 2020 డిసెంబరు 31 వరకు గడువు ఇచ్చారు. 2020 మేలో ఇంకో 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చారు. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి, కమిటీలు కూర్చున్నాయి. 2023లో చివరి ఉత్తర్వు వచ్చేసరికి ఆ 27లో పూర్తిగా పోయినవి మూడే. డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్. మోనోక్రోటోఫాస్‌లో ఎక్కువగా వాడే 36 శాతం ఎస్‌ఎల్ రకాన్ని మాత్రం స్టాకు అయ్యేదాకా గడువిచ్చి ఆపాలన్నారు.

మోనోక్రోటోఫాస్ గురించి ఒక్క మాట చెప్పాలి. 2005లోనే కూరగాయలపై దీని వాడకాన్ని నిషేధించారు. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో కలిసింది ఈ మందే. 2017లో మన ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. అక్కడ వాడిన మందుల్లో కూడా దీని పేరు ఉంది. బిహార్ పిల్లల మరణం నుంచి 2023 ఉత్తర్వు దాకా పదేళ్లు.

ఇక పారాక్వాట్ సంగతి? ఆ 27 జాబితాలో అసలు దాని పేరే లేదు.

తాగేవాడు ఎలాగైనా తాగుతాడు కదా?

ఈ వాదన చాలామంది అంటారు. అప్పులు తీర్చకుండా, పంటకు ధర రాకుండా, కౌలు రైతుకు లోన్ ఇవ్వకుండా ఒక మందు ఆపితే ఆత్మహత్యలు ఆగుతాయా? ఇందులో న్యాయం ఉంది. మందు నిషేధం అప్పుకు మందు కాదు.

కానీ శ్రీలంక అనుభవం ఇంకో మాట చెబుతోంది. 1990ల మధ్యలో ప్రపంచంలోనే ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న దేశాల్లో శ్రీలంక ఒకటి. 1995లో అత్యంత ప్రమాదకరమైన పురుగుమందులు ఆపేశారు. 1998లో ఎండోసల్ఫాన్ ఆపారు. 2008 తర్వాత పారాక్వాట్‌తో పాటు ఇంకో రెండింటిని దశలవారీగా తీసేశారు. రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. దక్షిణ కొరియాలో కూడా పారాక్వాట్ ఆపిన రెండేళ్లలోనే పురుగుమందుల ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి వచ్చింది.

ఎలా సాధ్యం? చాలా కేసుల్లో ఆ నిర్ణయం నెలల తరబడి ఆలోచించి తీసుకునేది కాదు. ఇంట్లో గొడవ, అప్పులవాడి మాట, ఒక చెడ్డ సాయంత్రం. ఆ గంట గడిస్తే మనిషి మిగులుతాడు. ఆ గంటలో చేతికి అందే డబ్బా ఏది అన్నదాని మీద ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తాడా లేదా అన్నది ఆధారపడుతుంది. బతికి బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది తర్వాత మామూలు జీవితం గడుపుతారు.

మన లెక్కలు చూస్తే విషయం ఎంత పెద్దదో అర్థమవుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో దాదాపు నాలుగో వంతు విషం వల్లే.

శ్రీలంక అనగానే ఇంకో డౌట్ కూడా వస్తుంది. అక్కడ రసాయనాలు ఆపితే పంటలు పోయి దేశమే కుప్పకూలింది కదా అని. ఆ రెండూ వేరు. 2021లో రసాయన ఎరువులు, మందులు అన్నింటి దిగుమతినీ ఒక్కసారిగా ఆపేశారు, పంట దెబ్బతింది, కొన్ని నెలలకే వెనక్కి తగ్గారు. దానికి ముందు పాతికేళ్లుగా చేసింది వేరు. ప్రాణాంతకమైన కొన్ని మందులను ఒక్కొక్కటిగా, బదులు మందులు ఉన్నాయో లేదో చూసుకుని తీసేశారు. ఆ నిషేధాల వల్ల దిగుబడి పడిపోయిన దాఖలా పరిశోధనల్లో కనబడలేదు.

మరి రైతు కలుపు ఎలా తీయాలి?

ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన ప్రశ్న కాదు. కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదు, దొరికినా కూలి రేట్లు పెరిగాయి. అదునులో వాన పడితే పత్తి సాళ్ల మధ్య గడ్డి వారంలో మోకాలెత్తు లేస్తుంది. గుంటక తోలడానికి ఎడ్లు లేవు. రైతు గడ్డి మందు కొంటున్నాడంటే కారణం ఇదే.

కాబట్టి నిషేధం అడిగేవాళ్లు దానితో పాటు ఇంకో రెండు అడగాలి. ఒకటి, పారాక్వాట్‌కు బదులు ఏ మందు ఏ పంటలో వాడొచ్చో వ్యవసాయ యూనివర్సిటీలు తెలుగులో స్పష్టంగా చెప్పాలి. రెండు, పవర్ వీడర్ లాంటి కలుపు యంత్రాలు చిన్న రైతుకు, కౌలు రైతుకు అద్దెకైనా అందాలి. ఇవి లేకుండా నిషేధం పెడితే ఆ మందు పక్క రాష్ట్రం నుంచి వస్తుంది. అప్పుడు బిల్లు ఉండదు, లేబుల్ ఉండదు, ఏం కొన్నాడో డాక్టర్‌కు కూడా తెలియదు.

చట్టం షాపు గుమ్మం దగ్గరే ఆగిపోతుందా?

ఒక రకంగా అవును. 1968 చట్టంలో 38వ సెక్షన్ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఇంట్లో, పెరట్లో, తాను సాగు చేసే భూమిలో ఎవరైనా మందు వాడుకుంటే ఆ వాడకానికి ఈ చట్టం వర్తించదు. తయారీకి రూల్ ఉంది, అమ్మకానికి రూల్ ఉంది. పొలంలోకి వెళ్లాక రైతును శిక్షించకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ దాని అర్థం ఏంటంటే, రైతుకు జాగ్రత్త చెప్పే చివరి మనిషి షాపు ఓనరే.

అందుకే డీలర్లకు చదువు ఉండాలన్న రూల్ 2017లో తెచ్చారు. వ్యవసాయ డిగ్రీ లేనివాళ్ల కోసం ఏడాది 'దేశీ' డిప్లొమా ఉంది. దాన్ని నడిపేది మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థే. ఆ కోర్సు చేసిన డీలర్ "అన్నా, దీనికి విరుగుడు లేదు, ఇంట్లో పెట్టకు, కూల్‌డ్రింక్ సీసాలో పోయకు" అని ఒక్క మాట చెప్పినా చాలా తేడా వస్తుంది.

ఇంతకీ 26వ సెక్షన్ సంగతేంటి?

అసలు విషయం ఇక్కడుంది. 27కు ముందున్న 26వ సెక్షన్ రాష్ట్రానికే అధికారం ఇచ్చింది. పురుగుమందు వాడకం వల్ల, దాన్ని పట్టుకోవడం వల్ల విషప్రభావం జరిగిన ప్రతి కేసునూ ఫలానా అధికారికి తెలపాలని రాష్ట్రం ఒక నోటిఫికేషన్‌తో ఆదేశించవచ్చు. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, 60 రోజుల గడువూ లేదు. పైగా 27వ సెక్షన్ మొదలయ్యేదే 26 కింద వచ్చిన రిపోర్టు అనే మాటతో. రాష్ట్రం నుంచి వచ్చిన రిపోర్టు ఆధారంగా, రిజిస్ట్రేషన్ కమిటీని సంప్రదించి, మందు రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం కేంద్రానికి ఉంది.

అంటే దారి చట్టంలోనే ఉంది. రెండు రాష్ట్రాల్లో ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రి నాలుగు విషయాలు రాసి పంపితే చాలు. మందు పేరు, ఎలా ఒంట్లోకి పోయింది, ఏ జిల్లా, పేషెంట్ బతికాడా లేదా. మనిషి పేరు అక్కర్లేదు. తాగిన కేసులు కూడా ఆ నోటిఫికేషన్‌లో స్పష్టంగా చేర్చాలి. ఒక్క ఏడాది ఆ లెక్క సరిగ్గా పెడితే, 90 రోజుల నిషేధం అయ్యాక ఢిల్లీకి వెళ్లే ఫైల్‌లో ఆవేదనతో పాటు అంకెలు కూడా ఉంటాయి. కంపెనీల వైపు ఎప్పుడూ అంకెలు సిద్ధంగా ఉంటాయి. మన వైపే ఉండవు.

పాత చట్టం స్థానంలో కొత్తది తేవాలన్న ప్రయత్నం కూడా ఇప్పటిది కాదు. 2008లో ఒక బిల్లు, 2020లో ఇంకో బిల్లు రాజ్యసభకు వచ్చి చట్టం కాలేదు. 2026 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ మరో ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది. నకిలీ మందుల మీద జరిమానా ఎంత అన్న దాని మీదే ఎక్కువ చర్చ నడుస్తోంది. అది ముఖ్యమే. కానీ పారాక్వాట్ నకిలీ మందు కాదు. అసలైనదే, లైసెన్సు ఉన్నదే, బిల్లుతో అమ్మేదే. అలాంటి మందు మీద రాష్ట్రానికి ఎంత అధికారం ఉంటుంది, విషప్రభావం కేసులు తప్పనిసరిగా నమోదు చేయాలా లేదా.. మన ఎంపీలు పార్లమెంటులో అడగాల్సింది ఈ రెండు ప్రశ్నలు.

మా వైపు నుంచి కూడా ఒక మార్పు రావాలి. "పురుగుల మందు తాగి" అని రాసే ముందు రిపోర్టర్‌కు ఫోన్ చేసి ఏ మందో డాక్టర్లకు తెలిసిందా అని అడగాలి. ప్రతి వార్తలో ఆ పేరు వేయాల్సిన పని లేదు, అలా వేయడం మంచిది కూడా కాదు. కానీ అడిగేవాళ్లు ఉంటే రాసిపెట్టేవాళ్లు ఉంటారు. రాసిపెట్టిన లెక్క ఉంటేనే రేపు ఎవరైనా నిలదీయగలరు.

గమనిక: మందు పొరపాటున మింగినా, కొడుతున్నప్పుడు ఒంటి మీద పడి కళ్లు తిరిగినా ఇంటి వైద్యం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా లేదా లేబుల్ వెంట తీసుకెళ్లండి, డాక్టర్‌కు అది చాలా అవసరం. మీకు గానీ, మీకు తెలిసినవాళ్లకు గానీ బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా కాల్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.